పక్క దేశానికి పోయి రావడం: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా యూరప్ ప్రయాణాల గురించే ఉన్నాయి. చదువుకోడానికి పోయిన పిల్లలు రాశారు, ఉద్యోగం మీద పోయినవాళ్ళు రాశారు, ఇక్కడ నల్లగొండలో, పాలమూరులో ఉన్న తల్లిదండ్రులు కూడా రాశారు. నేను పుట్టింది నల్లగొండలోనే. జర్మనీలోని కొలోన్‌లో తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేసి, తిరిగొచ్చి ఇక్కడే ఉంటున్నాను. నాకు తెలిసింది, నేను పడింది, రెండూ కలిపి జవాబులు రాస్తున్నా. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఆఖెన్‌లో ఎంఎస్ చేస్తున్నా, వచ్చి ఏడు నెలలైంది. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ కార్డు వచ్చింది. రూమ్మేట్లు పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ పోదామంటున్నారు. మళ్ళీ వీసా తీసుకోవాలని ఒక సీనియర్ అంటాడు, అక్కర్లేదని ఇంకొకరు అంటారు. దొరికితే డిపోర్ట్ చేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. చేతిలో డబ్బులు కూడా తక్కువే.

జవాబు: తమ్ముడూ, వేరే వీసా అక్కర్లేదు. జర్మనీ ఇచ్చిన పర్మిట్ కార్డు, గడువు తీరని పాస్‌పోర్టు, ఈ రెండూ ఉంటే షెంజెన్ దేశాల్లో, అంటే ఒకే వీసా మీద తిరగనిచ్చే యూరప్ దేశాల గుంపులో, ఎక్కడికైనా పోవచ్చు. ఏ 180 రోజులు లెక్కేసినా జర్మనీ బయట షెంజెన్‌లో గడిపింది 90 రోజులు దాటకూడదు, అంతే. 2025 జనవరి 1 నుంచి రొమేనియా, బల్గేరియా కూడా పూర్తిగా కలిశాయి కాబట్టి ఇప్పుడు ఆ దేశాలు 29. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు, అయినా షెంజెన్‌లో ఉంది, పోవచ్చు. ఐర్లాండ్ దీనికి ఉల్టా, యూనియన్‌లో ఉంది, షెంజెన్‌లో లేదు. లండన్ పోవాలంటే బ్రిటన్ వీసా కావాల్సిందే. మీ సీనియర్లు ఈ తేడాల దగ్గరే తికమక పడి ఉంటారు.

సరిహద్దులో ఎవరూ ఆపరని మాత్రం అనుకోకు. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది. ఆస్ట్రియా వైపైతే 2015 నుంచే ఉన్నాయి, నాకు జరిగింది అక్కడే. 2016లో సాల్జ్‌బర్గ్ చూసి మ్యూనిక్ రైల్లో వస్తున్నా, సరిహద్దు దాటగానే పోలీసులు ఎక్కారు. నా దగ్గర పర్మిట్ కార్డు ఉంది, పాస్‌పోర్టు కొలోన్‌లో రూములో ఉంది. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోలేదు. రైలు దింపి, వివరాలన్నీ సరిచూసి వదిలేసరికి రెండు గంటలు. కొలోన్ పోయే ఆఖరి బండి పోయింది, ఆ రాత్రంతా మ్యూనిక్ స్టేషన్‌లో కూర్చున్నా. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు కానీ, ఆ రెండు గంటల్లో నా చేతులు వణికిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి అసలు పాస్‌పోర్టు, అసలు కార్డు, రెండూ ఒంటి మీద ఉండే చిన్న సంచిలో పెట్టుకో, సామాన్ల బ్యాగులో కాదు.

ఇంకోటి, కార్డు మీద గడువు తేదీ చూసుకో. చదువుకునే పిల్లలకు ఒకటి రెండేళ్ళకే ఇస్తుంటారు. రెన్యువల్‌కి పెట్టి, కొత్త కార్డు రాకముందు మధ్యలో ఇచ్చే కాగితాన్ని నమ్ముకుని దేశం దాటొద్దు. దాటాలనుకుంటే ఆ కాగితం మీద పోయి రావచ్చా అని విదేశీయుల ఆఫీసుకి మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే టికెట్ కొను. నీ హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు వెనక వైపు యూరప్ కార్డు ఉంటుంది, పక్క దేశంలో జ్వరమొచ్చినా కాలు విరిగినా అది పనికొస్తుంది. కానీ యూనియన్ పౌరులు కాని మనలాంటి వాళ్ళకు డెన్మార్క్, స్విట్జర్లాండ్, నార్వేలో అది చెల్లదు. అక్కడికి పోయేటప్పుడు కొద్ది డబ్బుతో ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి.

ఇక డబ్బుల సంగతి. పారిస్ ఎక్కడికీ పోదు, ఈ ఏడాది దాన్ని పక్కన పెట్టు. నువ్వున్న ఊరు ఎంత మంచి చోట ఉందో చూడు! ఆఖెన్ నుంచి సిటీ బస్సెక్కితే అరగంటలో నెదర్లాండ్స్‌లోని వాల్స్‌లో దిగుతావు. అక్కడ కొండెక్కితే జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్ మూడూ కలిసే రాయి ఉంటుంది, 322 మీటర్ల ఎత్తు, యూరప్‌లో ఉన్న నెదర్లాండ్స్ భూమికి అదే ఎత్తైన చోటు. మన దేవరకొండ గుట్టలు ఎక్కినవాడివి, నీకు అదొక లెక్క కాదు. సద్ది కట్టుకుని పో, ఖర్చు బస్సు టికెట్టే. ఆ తర్వాత బెల్జియంలో లియేజ్ పో, నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ పో, రెండూ ఇంచుమించు గంట ప్రయాణం. కొలోన్ కూడా గంటే. అక్కడి చర్చి కట్టడం 1248లో మొదలై 1880లో పూర్తయింది, దక్షిణం వైపు గోపురానికి 533 మెట్లు, తప్పకుండా ఎక్కు. కాలేజీ సెమిస్టర్ టికెట్ ఎంతవరకు చెల్లుతుందో చూసుకో. మామూలు వాళ్ళు కొనే డాయిచ్‌లాండ్ టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలైంది, దాంతో దేశమంతా లోకల్, రీజనల్ రైళ్ళు ఎక్కొచ్చు. ఐసీఈ అనే స్పీడు రైళ్ళు ఎక్కకూడదు, ఎక్కితే ఫైన్.

చవక విమానాల గురించి ఒక్క మాట. టికెట్ 15 యూరోలని సంబరపడతాం, పారిస్ అని రాసి ఉన్న ఆ విమానాశ్రయం పారిస్‌కి 85 కిలోమీటర్ల దూరంలో బోవేలో ఉంటుంది. హైదరాబాద్ అని చెప్పి మహబూబ్‌నగర్ దగ్గరలో దింపినట్టు. అక్కణ్ణుంచి బస్సుకి వేరే డబ్బులు, సీటు కింద పట్టని బ్యాగుకి ఇంకా డబ్బులు. అన్నీ కూడి, అప్పుడు రైలు టికెట్‌తో పోల్చుకో.

ప్రశ్న: అమ్మా, మాది కోస్గి దగ్గర ఊరు. మా నాయన బొంబాయికి వలస పోయి మట్టి పని చేసిండు, నేను చిన్న కిరాణా దుకాణం పెట్టుకున్న. కొడుకును ఇరవై లక్షల లోను తెచ్చి జర్మనీ పంపిన. చదువు అయిపోయి బెర్లిన్‌లో ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. నెలకోసారి ఏదో ఒక దేశం నుంచి ఫొటోలు పెడుతున్నాడు. ఒకసారి ప్రాగ్ అంటాడు, ఒకసారి పోలాండ్ అంటాడు. ఊర్లో వాళ్ళు చూసి, మీవాడు మస్తు సంపాదిస్తున్నాడే అంటున్నారు. ఇక్కడ లోను అట్లనే ఉంది. అడిగితే బాధపడతాడేమో, అడగకుంటే నాకు నిద్ర పట్టదు.

జవాబు: అన్నా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ నాయన బస్సెక్కి పోయిన వలస, మీ కొడుకు విమానమెక్కి పోయిన వలస, ఆ రెంటి మధ్య దుకాణంలో కూర్చుని లెక్క చూసుకుంటున్నది మీరు. మీకు నిద్ర పట్టకపోవడంలో తప్పు లేదు.

ముందు ఆ ఫొటోల వెనక ఖర్చెంతో చెప్తా. బెర్లిన్ నుంచి ప్రాగ్ రైల్లో నాలుగు గంటల పైచిలుకు, అంటే మనం కోస్గి నుంచి హైదరాబాద్ పోయి సాయంత్రానికి ఇంటికి వచ్చినంత. పోలాండ్ సరిహద్దు ఇంకా దగ్గర, గంటా గంటన్నర. ముందే కొనుక్కుంటే బస్సుకో రైలుకో 20, 30 యూరోలు, హాస్టల్‌లో ఆరుగురో ఎనిమిది మందో పడుకునే గదిలో ఒక మంచానికి ఇంకో 30. రెండు రోజులు బ్రెడ్డు, పండ్లు, ఒక పూట వేడి అన్నం. నేను పోయినప్పుడు ఒక వారాంతం మొత్తం 120 యూరోలు దాటేది కాదు. యూరో వంద రూపాయలు దాటింది కాబట్టి పన్నెండు వేల పైన అనుకోండి. మన లెక్కలో ఎక్కువే, అక్కడి జీతంలో అది విలాసం కాదు. దేశం దాటాడు అనే మాట వింటే మనకు ఎంతో పెద్ద ప్రయాణం అనిపిస్తుంది, అక్కడ అది పక్క జిల్లాకి పోయి రావడం.

ఎందుకు పోతున్నాడో కూడా ఆలోచించండి. డిసెంబర్‌లో బెర్లిన్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. ఆదివారం దుకాణాలన్నీ బంద్, వీధిలో మనిషి కనపడడు. తలుపు మూసుకుని ఒక్కడే గదిలో కూర్చుంటే ఆ పిల్లలకు ఏమవుతుందో నేను దగ్గరుండి చూశాను, ఒకబ్బాయిని రాత్రిపూట హాస్పిటల్‌కి తీసుకుపోయింది నేనే. అప్పటి నుంచి నెలకో ట్రిప్పు పోతున్నా అని ఎవరన్నా చెప్తే నాకు ధైర్యంగా ఉంటుంది. ఐదు రోజులు లాప్‌టాప్ ముందు, శనివారం బయట. మీరు ఫొటోలో చూసేది ఆ శనివారాన్నే.

అయితే లోను సంగతి అడగాల్సిందే, ఈ విషయంలో నేను మీ వైపే. కానీ తిరుగుడు ఆపు అని మొదలుపెట్టకండి. జీతం ఏ తారీఖున పడుతుంది, ఈఎంఐ ఏ తారీఖున పోతుంది, ఈ రెండు అడగండి. జీతం పడిన మర్నాడే ఇక్కడి ఖాతాకి ఇంత అని తనంతట తానే వచ్చేటట్టు బ్యాంకులో పెట్టమనండి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి ఇంటి అడ్వాన్సు మూడు నెలల అద్దె దాకా అడుగుతారు, పన్నులు, బీమా పోగా చేతికొచ్చేది జీతం కాగితం మీద ఉన్నదానికంటే చాలా తక్కువ. మొదటి నెలల్లో డబ్బు పంపకపోవడానికి అవే కారణాలైతే అర్థం చేసుకోవచ్చు, ఎనిమిది నెలలు దాటాక మాత్రం ఒక నెలసరి మొత్తం రావాలి. అది వచ్చాక మిగిలింది అతని ఇష్టం, ప్రాగ్ పోనీ, పారిస్ పోనీ. అది రాకుండా క్రెడిట్ కార్డు మీద తిరుగుతుంటే మాత్రం గట్టిగా చెప్పండి.

ఊర్లో వాళ్ళ మాటకొస్తే, లోను ఇంకా ఉంది అని మీరే మామూలుగా చెప్పేయండి. తర్వాతి ట్రిప్పులో వీడియో కాల్ చేయమనండి. ఇంట్లో వాళ్ళమ్మ ఉంటుంది కదా, ఆమెకు అక్కడి నది, వంతెన చూపిస్తాడు.

ప్రశ్న: నేను నల్లగొండలో రిటైరైన లెక్కల టీచర్ని. మా అమ్మాయి, అల్లుడు నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్‌లో ఉంటారు. మమ్మల్నిద్దరినీ అరవై రోజులకు రమ్మంటున్నారు. అందులో పన్నెండు రోజులు పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ ప్లాన్ చేశారు. ఏ దేశం వీసా తీసుకోవాలి? నాకు షుగర్, మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. పచ్చళ్ళు, నెయ్యి తీసుకుపోవచ్చా?

జవాబు: సార్, నమస్తే. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశం వీసా, అంటే మీకు నెదర్లాండ్స్. ఆ ఒక్క షెంజెన్ వీసా మీదే మిగతా మూడు దేశాలూ తిరగొచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, ఒక్కోసారి 45 రోజుల దాకా లాగుతారు, అందుకే రెండు మూడు నెలల ముందే పెట్టండి. ఫీజు మనిషికి 90 యూరోలు, వీసా సెంటర్ వాళ్ళ చార్జీ వేరే. అమ్మాయి అక్కడి మున్సిపాలిటీలో, వాళ్ళు గెమెంటె అంటారు, సంతకం ధ్రువీకరించిన స్పాన్సర్ ఫారం పంపాలి. 30,000 యూరోలకు తక్కువ కాకుండా ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాలి. షుగర్ ఉన్నట్టు దాచకండి, ముందు నుంచి ఉన్న జబ్బులకు ఆ పాలసీ ఎంతవరకు ఇస్తుందో కొనేముందే చదవండి.

లెక్కల సార్ కాబట్టి ఇది మీకు సులువు. వీసా మీద చివరి తేదీ ఒకటి ఉంటుంది, ఉండగలిగే రోజులు అని ఇంకో అంకె ఉంటుంది. చాలామంది తేదీ చూసి అప్పటిదాకా ఉండొచ్చనుకుంటారు. అంకె 60 ఉంటే 60 రోజులే, దిగిన రోజు, ఎక్కిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. 2025 అక్టోబర్ 12 నుంచి పాస్‌పోర్టు మీద ముద్ర బదులు వేలిముద్రలు, ఫొటోతో కంప్యూటర్‌లో నమోదు చేసే పద్ధతి మొదలైంది, ఒక్క రోజు ఎక్కువున్నా దానికదే తేలిపోతుంది.

టికెట్ విషయంలో పైలం. హైదరాబాద్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి 2025 సెప్టెంబర్‌లో కేఎల్ఎం నేరుగా విమానం మొదలుపెట్టింది. కొంత ఎక్కువైనా మీకు అదే మంచిది. తక్కువకు వస్తుందని లండన్ మీదుగా కొనొద్దు. విమానాశ్రయం బయటికి రాకపోయినా మీకు బ్రిటన్ ట్రాన్సిట్ వీసా అడుగుతారు, షెంజెన్ టూరిస్టు వీసా చూపిస్తే చాలదు. అమ్మగారికి టికెట్ కొన్నప్పుడే వీల్‌చైర్ రాయించండి, కనీసం 48 గంటల ముందు చెప్పాలి, దానికి డబ్బులు తీసుకోరు. నేను నడవగలను కదా అంటారు, కానీ ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయంలో గేటు నుంచి బయటికి నడక చాలా ఉంటుంది.

నెయ్యి తీసుకుపోవద్దు సార్. యూనియన్ బయట నుంచి వచ్చేవాళ్ళు పాల పదార్థాలు, మాంసం తేకూడదు. అందులో నెయ్యి, పాలకోవా, మటన్ పచ్చడి అన్నీ వస్తాయి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, మన నల్లగొండ బత్తాయిలు కూడా మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా కుదరవు. మా అమ్మ నా దగ్గరికి వచ్చినప్పుడు ఇంటి వెన్న కాచి రెండు కిలోల నెయ్యి డబ్బా తెచ్చింది, దిగిన చోట తీసేసుకున్నారు. డబ్బా పోయినందుకు కాదు, నెల రోజులు మజ్జిగ చిలికి కూడబెట్టింది పోయిందని ఆమె ఆ రోజంతా అన్నం తినలేదు. నూనెలో పెట్టిన ఆవకాయ, చింతకాయ తొక్కు, కరివేపాకు పొడి, పల్లీల పొడి, సకినాలు గట్టిగా సీల్ చేసి పెట్టె సామాన్లలో వేసుకోండి. మందులు మాత్రం చేతి బ్యాగులోనే, డాక్టర్ చీటీ మీద బ్రాండ్ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించండి.

ఆ పన్నెండు రోజుల ప్లాన్ గురించి అమ్మాయికి నా మాటగా చెప్పండి, మూడు దేశాలు వద్దు, ఒకటి చాలు. రోజూ పెట్టె సర్దడం, రైలు మారడం, రాళ్ళు పరిచిన వీధుల్లో నడవడం ఆ మోకాళ్ళకు శిక్ష. పారిస్ వెళ్ళండి, నాలుగు రాత్రులు ఒకే హోటల్‌లో ఉండండి, లిఫ్ట్ ఉందో లేదో ముందే అడగండి. బాత్రూంకి చాలాచోట్ల అర యూరో, ఒక యూరో అడుగుతారు, జేబులో చిల్లర ఉంచుకోండి. షుగర్ ఉన్నవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

మిగతా రోజులు నెదర్లాండ్స్‌నే చూడండి. సాగర్ ఆయకట్టు దగ్గర బతికినవాళ్ళం మనం, నీళ్ళను ఆపి పొలాలకు మళ్ళించడం చూసిన వాళ్ళం. వాళ్ళు నీళ్ళను తోడిపోసి పొలాలు చేసుకున్నారు! మీరు దిగే స్కిపోల్ విమానాశ్రయమే సముద్ర మట్టానికి మూడు మీటర్లకు పైగా కింద ఉంటుంది. అది ఒకప్పుడు పెద్ద సరస్సు, ఆవిరి పంపులతో తోడి 1852లో ఎండగట్టారు. రోటర్‌డామ్ దగ్గర కిండర్‌డైక్‌లో 19 గాలిమరలు ఒకే చోట నిలబడి ఉంటాయి, అవి పిండి విసరడానికి కాదు, పొలాల్లో నీళ్ళు ఎత్తిపోయడానికి కట్టినవి. ఉత్తరాన 1932లో పూర్తయిన ఆఫ్‌స్లౌట్‌డైక్ అనే కట్ట 32 కిలోమీటర్లు, ఒక పక్క సముద్రం, ఒక పక్క మంచినీళ్ళు, మధ్యలో కారులో పోతారు. మీరు ఈఫిల్ టవర్ కంటే ఆ కట్ట మీద ఎక్కువసేపు ఆగుతారని నా నమ్మకం.

ప్రశ్న: వనపర్తి నుంచి వచ్చి డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నా. ఐరిష్ పర్మిట్ మీద రోమ్, పారిస్ పోవచ్చా? బెల్ఫాస్ట్‌కి బస్సులో పోతే ఎవరూ అడగరంటున్నారు, నిజమేనా?

జవాబు: రోమ్, పారిస్‌లకు కుదరదు. ఐర్లాండ్ షెంజెన్‌లో లేదు కాబట్టి డబ్లిన్‌లోనే షెంజెన్ వీసాకి అప్లై చేయాలి, ఇండియాకి రానక్కర్లేదు. ఇచ్చిన వీసాలను నియమం ప్రకారం వాడుకుంటూ పోతే తర్వాత ఎక్కువ కాలానికి, ఎక్కువసార్లు పోయి వచ్చేలా ఇస్తారు, అందుకే మొదటిసారి కాగితాలు శ్రద్ధగా పెట్టండి. బెల్ఫాస్ట్ సంగతి జాగ్రత్త. రోడ్డు మీద గేటు ఉండదు, బోర్డు కూడా సరిగ్గా కనపడదు, కిలోమీటర్లు పోయి మైళ్ళు వస్తాయి అంతే. కానీ అది బ్రిటన్, మన పాస్‌పోర్టుకి బ్రిటన్ వీసా కావాలి. అప్పుడప్పుడు బస్సులు ఆపి చూస్తారు. ఎవరూ అడగలేదని పోయొచ్చిన వాళ్ళ మాట విని మీ ఉద్యోగాన్ని, పర్మిట్‌ని పణంగా పెట్టకండి. గాల్వే, కార్క్ మీ దేశంలోనే ఉన్నాయి, సముద్రం పక్కన మోహెర్ కొండ అంచులు ఉన్నాయి, ముందు అవి చూడండి.

ప్రశ్న: అక్కా, మాది గద్వాల. పెళ్ళై చెక్ దేశంలో బ్రనోకి వచ్చి ఏడాది. ఆయనకు పనే పని, శనివారాలు కూడా కాల్స్ ఉంటాయి. నాకు ఇంకా ఉద్యోగం లేదు. వియన్నా చాలా దగ్గరట, చూడాలనుంది. ఒక్కదాన్నే పోవచ్చా? భాష రాదు, భయంగా ఉంది.

జవాబు: పోవచ్చు చెల్లీ, తప్పకుండా పో. గద్వాల నుంచి కర్నూలు బస్సెక్కి ఎన్నిసార్లు పోయి ఉంటావు? బ్రనో నుంచి వియన్నా రైల్లో గంటన్నర. చెక్ పర్మిట్ కార్డు, పాస్‌పోర్టు రెండూ పెట్టుకో. చెక్‌లో కొరూనాలు, అక్కడ యూరోలు, కార్డుతో పాటు ఒక ఇరవై యూరోల నోటు ఉంచుకో. రోమింగ్‌కి అదనంగా పడదు, మీ ఇంట్లో వాడినట్టే వాడుకోవచ్చు. ఆయనకు లొకేషన్ షేర్ చేసి బయల్దేరు. ఏదన్నా ఆపదైతే యూనియన్‌లో ఎక్కడైనా 112.

ఆదివారం వద్దు, బజార్లు మూసి ఉంటాయి. గురువారం పో. షోన్‌బ్రున్ రాజభవనం లోపలికి టికెట్ ఉంటుంది, తోటకు లేదు. తోట చివర గుట్ట మీద గ్లోరియెట్ అనే మండపం ఉంది, అక్కడ కూర్చుని తెచ్చుకున్న జొన్నరొట్టె తిను. మధ్యాహ్నం నాష్‌మార్క్ట్ బజారు చుట్టిరా, బేరం లేకున్నా చూడటానికి బాగుంటుంది. కుళాయి నీళ్ళు కొండ ఊటల నుంచి వస్తాయి, సీసా నింపుకుంటే చాలు, కొనక్కర్లేదు. భాష రాదని ఆగకు, టికెట్ మెషీన్‌లో ఇంగ్లీష్ ఉంటుంది. మొదటిసారి కాబట్టి చీకటి పడకముందే ఇంటికి చేరేలా రిటర్న్ బండి చూసుకో, దాని తర్వాత ఇంకో బండి ఎన్నింటికి ఉందో కూడా కాగితం మీద రాసిపెట్టుకో, ఫోన్ చార్జింగ్ అయిపోయినా పనికొస్తుంది.